పదును పెట్టని కొక్కెం

అరవై మూడో సంవత్సరం ఎండాకాలంలో, మైపాడు దారిలో ఉన్న మా కొలిమికి మొదటిసారి ఒక జీపు పని వచ్చింది. అప్పటిదాకా మేము చేసినవి బండి చక్రాల పట్టాలు, నాగటి కర్రులు, గడ్డపారలు. నేను మూడో తరగతితో బడి మానేసి, మేనమామను చేసుకుని, ఆ కొలిమికే కాపురానికి వచ్చాను. భుజం సహకరించినంత కాలం సమ్మెట కొట్టాను. కొలిమిలోనూ హోదాలుంటాయి. తిత్తి ఊదేవాళ్లు అందరికన్నా కింద, సమ్మెట వేసేవాళ్లు వాళ్లకు పైన. పట్టకారు పట్టిన మనిషిదే ఆఖరు మాట. ఆ పట్టకారు మా మామది, అంటే నా పెనిమిటిది.

జీపు కోటారెడ్డి గారిది, మిలిటరీ వేలంలో కొన్నది. పల్లెకారుల చేపలను నెల్లూరికి చేర్చే లారీ కూడా ఆయనదే. ఆ తీరానికంతా అదొక్కటే లారీ. అది ఇసుకలో దిగబడినప్పుడల్లా జీపు వెనక బంపరుకు మోకు కట్టి లాగించేవారు. బంపరు దెబ్బ కాసే రేకే గానీ బరువు లాగే ఇనుము కాదు. అప్పడంలా వంకరపోయింది.

"ఇంకా మందంది ఎయ్యండి" అన్నారాయన.

మందం వేసి లాభం లేదు, లాగుడంతా చాసీ మీద పడాలి అన్నాను. చాసీ అంటే బండి అడుగున రెండు పక్కలా పొడుగ్గా ఉండే ఇనుప దూలాలు. పాత రేకు తీసేసి, ఆ రెండు దూలాల కొసలను కలుపుతూ అడ్డంగా మందపాటి పట్టె బోల్టులతో బిగించాం. పట్టె ఒంగకుండా రెండు వైపులా ఏటవాలుగా ఊతకడ్డీలు ఇచ్చాం. నడుమ కొక్కెం. దానికోసం కొత్త ఇనుము కొననివ్వలేదు నేను. పెరట్లో విరిగిన లారీ ఇరుసు పడి ఉండగా కొనడం దేనికి? దాన్నే కాల్చి సాగగొట్టాం.

మా కొలిమిలో ఒక అలవాటుంది. పనిముట్టు ఏదైనా చివర్న ఎర్రగా కాల్చి నీళ్లతొట్టిలో ముంచాల్సిందే. అదే పదును పెట్టడం. మొన గట్టిపడుతుంది. 'చుయ్' అన్న చప్పుడు వినబడితేగానీ పని ముగిసినట్టు ఉండదు. మా మామ ఆ చేత్తోనే కొక్కేన్నీ ముంచేశాడు.

అమావాస్యనాడు మధ్యాహ్నం, ఆటు మీద నీళ్లు వెనక్కి పోయిన చోట లారీ ఇరుసుదాకా దిగబడింది. సాయంత్రం పోటు వస్తే ఇక దొరకదు. జీపు తెచ్చి, మమ్మల్నీ పిలిపించి, మోకు తగిలించారు. మోకు బిగుసుకుంది, కొక్కెం టప్పున విరిగింది. విరిగిన ముక్క మోకుతోపాటు ఎగిరి, ఒడ్డున చేపలమ్మే పోలమ్మ గంపలోంచి దూసుకుపోయింది.

"ఏందన్నా, నీ కొక్కెం లారీని పట్టలా గానీ నా గంపను బాగా పట్టిందే! రేపట్నించి దాంతోనే గాలమెయ్యి" అంది పోలమ్మ మా మామతో. జనం నవ్వారు. మా మామ నవ్వలేదు.

నేను ఆ ముక్క తెప్పించి చూశాను. విరిగిన చోట కలకండలా పలుకులు మెరుస్తున్నాయి. సాగి తెగలేదు, గాజులా పగిలింది. నీళ్లలో ముంచి గట్టిపరిస్తే పెళుసైపోయింది; తప్పు ఇనుముది కాదు, తొట్టిది.

జీపులోనే కొలిమికి వచ్చి, మిగిలిన ఇరుసుతో రెండో కొక్కెం చేశాం. మా మామ పట్టకారుతో తొట్టివైపు తిరిగాడు. నేను సమ్మెట తొట్టికి అడ్డంగా పెట్టాను.

"ఎద్దుల గొలుసుకు నీళ్లు పెడతావా మామా?"

"గొలుసును బూడిదలోనే కదా ఆరేసేది?"

"ఇదీ లాగేదే."

కోటారెడ్డి గారికి కోపం వచ్చింది. "బూడిదలో ఎప్పటికి ఆరాల? పోటు ఆగతాదా? లారీ పోతే నువ్విస్తావామ్మే?"

"ముంచమంటే ఇప్పుడే ముంచిస్తాం రెడ్డిగారా. ఈసారి విరిగితే గంపకు తగలదు, మనిషికి తగలతాది."

ఆయన మా మామ ముఖం చూశారు. పట్టకారు అతని చేతిలోనే ఉంది. మా మామ కొక్కేన్ని తీసుకుపోయి, మెల్లగా ఆరి పెళుసెక్కకుండా ఉండేలా వేడి బూడిదలో పూడ్చాడు. చేత్తో పట్టుకోగలిగేంత ఆరేదాకా ఎవరినీ తాకనివ్వలేదు.

మేము తీరానికి చేరేసరికి అలలు లారీ వెనక చక్రాలను తడుపుతున్నాయి. మోకుకు ఎదురుగా ఎవరూ నిలబడకుండా పక్కలకు తోలించాను. మోకు మీద తడిగోతాలు వేయించాను, తెగినా ఎగరకుండా. జీపును ముందు మెల్లగా కదిలించి, మోకులో వదులు పోయాకే గట్టిగా లాగమన్నాను. పల్లెకారులు వెనకనుంచి భుజం పట్టారు. లారీ ఒక ఊపు ఊగి, ఇసుకను చీల్చుకుంటూ పైకి వచ్చింది.

"ఇంక మా చేపలు ఎండబెట్టుకునే పన్లేదన్నా" అని పోలమ్మ ఓటి గంపే నెత్తికెత్తుకుంది.

కొక్కెం నోరు కాస్త తెరుచుకుంది. సాగింది కాబట్టే విరగలేదు. మర్నాడు కాల్చి, నోరు మూసి, మళ్లీ బూడిదలోనే పెట్టాం. విరిగిన పాత ముక్కను పారేయలేదు. దాంతో ఉలి చేయించాను. మంచి ఉలి అయింది.

ఆ తర్వాత మా కొలిమికి ఏ పని వచ్చినా, తొట్టి దగ్గరికి పోయే ముందు మా మామ ఒకటే అడిగేవాడు: "కోసేదా, లాగేదా?" కోసేదానికి పదును కావాలి, లాగేదానికి సాగే గుణం కావాలి. అది చూడకుండా తొట్టిలో ముంచిన ఇనుము మా కొలిమి గడప దాటలేదు.