ఉప్పు దిమ్మ చుట్టూ

మా మిత్రుడి ఆవుల్ని కొండ మీదికి రానివ్వబోమని ప్రభుత్వ ఆఫీసు వాళ్ళు చెప్పేశారు. నేరమేమిటయ్యా అంటే, నేలలో సారమంతా అవే తినేశాయట!

ఈ మిత్రుడు ఇక్కడ కెనడాలోని ఆల్బర్టాలో, మా అమ్మాయి ఉండే ఊరి కాఫీ కొట్లో పరిచయమైన ముసలాయన. చెట్లు కూడా పెరగనంత ఎత్తున, రాళ్ళ మధ్య ఉన్న పచ్చికకు ఏటా వేసవిలో ఆవుల్ని తోలుకుపోవడం వాళ్ళ తాతల నాటి అలవాటు. ఆ మేత పర్మిట్ పోతే ఆవుల్ని అమ్ముకోవడమే. ఆ మాట కాఫీ కప్పులోకి చూస్తూ చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాన్నా, పర్మిట్ కాదన్న ఆ ఆఫీసరమ్మ పీహెచ్‌డీ చేసింది. నువ్వు యూట్యూబ్ చూశావు," అంది మా అమ్మాయి.

"లైబ్రరీ పుస్తకాలు కూడా చదివాను. డ్యూ డేట్ లోపలే తిరిగిచ్చాను."

మిత్రుడి ట్రక్కులో ఇద్దరం వెళ్ళి, చివరి ఎత్తు నడిచి ఎక్కాం. నా మోకాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు. పైన వాగు పక్కన, ఆవులు నాకడానికి పెట్టిన ఉప్పు దిమ్మ ఉంది. దాని చుట్టూ నేల కళ్ళంలా గట్టిపడింది. ఎటు చూసినా పేడ, నడుమెత్తు కలుపు. వాలు మీద మాత్రం గడ్డి పలచగా, పాలిపోయి ఉంది.

"ఈ దిమ్మ ఎప్పట్నుంచీ ఇక్కడేనా?"

"మా తాత పెట్టిన చోటు. నీళ్ళు పక్కనే కదా."

"అదీ సంగతి! పైన మేస్తాయి, ఇక్కడికొచ్చి ఉప్పు నాకి, నీళ్ళు తాగి, పడుకుని పేడ వేస్తాయి. సారం పోలేదయ్యా, కిందికి దిగింది. ఆవులు కూలీలు. తప్పు అడ్రసిచ్చింది మీ తాత."

"మా తాత జోలికి రాకు," అన్నాడు నవ్వుతూ.

మా అనంతపురం వైపు కోతలయ్యాక ఎరువు కోసం చేలో గొర్రెల మంద కట్టించుకుంటాం. ఈ రాత్రి ఒకచోట, రేపు దాని పక్కన. మా నాన్న కాపరికి చేసిన మర్యాద అల్లుడికి కూడా చేయలేదు. మంద పడుకున్న చోట మరుసటి పైరు నల్లగా నిగనిగలాడేది.

అదే రాశాను ఆఫీసుకి. ఉప్పు చోటు మార్పించండి, వాలు మీద రాత్రిపూట ఆవుల మంద కట్టించండి, అసలు మీరెప్పుడైనా పేడ చేత్తో ముట్టారా అని. కంప్యూటరు ధన్యవాదాలు చెప్పింది. మళ్ళీ రాశాను. మళ్ళీ ధన్యవాదాలు. ఇలా కాదని నేనే వెళ్ళాను.

"సర్, మీరు స్టేక్‌హోల్డరా?" అంది కౌంటర్లో అమ్మాయి.

"కాదమ్మా, రైతుని."

ఆ ముక్క కూడా టైపు చేసుకుంది. కొండ మీద మంచు పడటం మొదలయ్యాక ఆఫీసరమ్మ జవాబు వచ్చింది. మిత్రుడికి కాఫీ కొట్లోనే చదివి వినిపించాను:

"అయ్యా, పేడ ముట్టాను. నా చదువంతా దాంతోనే గడిచింది. ఉప్పు విషయంలో మీరన్నది నిజం. దిమ్మను వాగుకు దూరంగా, చోటు మారుస్తూ పెడితే, ఆవుల సంఖ్య తగ్గిస్తే, వచ్చే వేసవికి పర్మిట్ ఇస్తాం. మంద కట్టడానికి మాత్రం ఒప్పుకోను. ఈ కొండ మొక్కలు బీదనేలకు అలవాటుపడ్డవి. ఎరువు ఎక్కువైతే ఉప్పు దిమ్మ దగ్గర మీరు చూసిన కలుపే వాలంతా పాకుతుంది. మీరు చెప్పేది పైరు పెంచే పద్ధతి. ఇక్కడ మేం పైరు వేయడం లేదు."