శ్రుతి నిలిచిందని చెప్పాను

మా కంపెనీ రజతోత్సవానికి అచ్చు వేసిన పుస్తకంలో మొదటి పేజీ నా గురించే. చేవెళ్ళ బస్టాండు ఎదురుగా ఒక కిరాయి గదిలో, ఎవరి సాయమూ లేకుండా, పాత రేడియోల సామానుతో నేను మొదటి ఎలక్ట్రానిక్ కీబోర్డు తయారు చేశానని అందులో రాశారు. గది నిజమే. పాత రేడియోల సామానూ నిజమే. ఎవరి సాయమూ లేకుండా అన్నది మాత్రం అబద్ధం. అచ్చుకు ముందు ఆ పేజీ నాకు చూపించారు. చదివి, ఒకటి రెండు అక్షరదోషాలు దిద్ది తిరిగి ఇచ్చేశాను.

ఆ గదిలో మేం ఇద్దరం పని చేసేవాళ్ళం. రెండో మనిషిది తెనాలి దగ్గర పల్లె, క్రైస్తవ కుటుంబం. హైదరాబాదులో సుల్తాన్ బజారు దుకాణంలో హార్మోనియంలు బాగు చేసేవాడు. యజమానితో మాటా మాటా పెరిగి బయటికి వచ్చేసి, కిరాయి తక్కువని భార్యతో చేవెళ్ళలో దిగాడు. నేను అప్పటికే ఐ.టి.ఐ.లో రేడియో పని నేర్చుకుని ఆ గదిలో రిపేరు దుకాణం పెట్టాను. మాది మొయినాబాద్ దగ్గర, హిమాయత్‌నగర్ వైపు ఊరు. తాతల నాటి నుంచి క్రైస్తవులం. మా బాపు ఆరు రోజులు పటేళ్ళ పొలాల్లో పని చేసి, ఆదివారం గుడిలో డోలక్ వాయించేవాడు. చర్చిని మేం గుడి అనే అంటాం.

ఆయన నాకంటే పెద్దవాడు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవాడు. నెమ్మది మనిషి కాదు. రేడియో బాగు చేయించుకోవడానికి వచ్చిన ప్రతి రైతునూ స్టూలు మీద కూర్చోబెట్టి, తను మద్రాసులో ఎవరెవరి పక్కన వాయించాడో చెప్పేవాడు. అందులో సగం నేను నమ్మేవాణ్ణి కాదు. కాఫీ దొరకని ఊరు ఊరే కాదని చేవెళ్ళను తిట్టేవాడు. కానీ హార్మోనియం ముందు కూర్చుంటే బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు వదులుకునేవాళ్ళు. తిత్తి ఊదే పని లేకుండా పాడే పెట్టె ఒకటి చెయ్యాలన్నది ఆయన మాట. కరెంటుతో స్వరం పుట్టించడం రేడియో పనివాడికి తెలుసు, స్వరం ఏదో హార్మోనియం పనివాడికి తెలుసు, ఇక ఎవరి కోసం ఆగాలి అనేవాడు.

పట్నంలో పెద్ద చర్చిల్లో విదేశీ ఆర్గాన్లు ఉండేవి. అవి ఒకేసారి పది స్వరాలు పలుకుతాయి. మా ఊళ్ళలో పాడే కీర్తనలకు అది అక్కర్లేదు, ఒక స్వరం తరవాత ఒక స్వరం చాలు. ఆ సంగతి పట్టుకున్నది ఆయనే. దాంతో పని సులువైంది. స్వరం పుట్టించడానికి ట్రాన్సిస్టర్లతో ఒకటే సర్క్యూట్. ఒక్కో మెట్టు కింద ఒక్కో రెసిస్టరు. ఏ మెట్టు నొక్కితే ఆ స్వరం. విరిగిన హార్మోనియం నుంచి మెట్లు ఆయన తీశాడు. ఆంప్లిఫయరు, ట్రాన్స్‌ఫార్మరు నేను కట్టాను. శ్రుతి ఆయనే చేసేవాడు, తెల్లారగట్ల, లారీలు మొదలు కాకముందు, పక్కన హార్మోనియం పెట్టుకుని. పని సాగితే దుకాణంలో సగం నీది, సగం నాది అనుకున్నాం. కాగితం రాసుకోలేదు. అవసరమనిపించలేదు.

పెట్టె పూర్తయ్యేసరికి 1969 తెలంగాణ ఉద్యమం మొదలైంది. ఉద్యోగాలు మాకు దక్కడం లేదన్న కోపం నాకూ ఉండేది. మొయినాబాద్‌లో ఊరేగింపులో నేనూ నడిచాను. ఆ కోపం తప్పని ఈనాటికీ అనను. నేను చేసినదానికి ఉద్యమం బాధ్యత కాదు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, ఇన్నేళ్ళూ ఆ పేరు చాటునే నేను దాక్కున్నాను.

కోఠీలో సామాను కొనడానికి ఇద్దరం బస్సులో పోయేవాళ్ళం. దారిలో మాట్లాడొద్దని, మాట్లాడితే యాస తెలుస్తుందని నేనే చెప్పాను. ఆయనకు అది జ్వరం కంటే కష్టం. చేవెళ్ళ నుంచి పట్నం దాకా కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుని, కోఠీలో దిగగానే దారంతా దాచిపెట్టుకున్న మాటలన్నీ నా మీద కుమ్మరించేవాడు. నిజానికి చేవెళ్ళలో ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. బంద్ రోజున విద్యార్థులు దుకాణం ముందుకు వచ్చారు. వాళ్ళలో ముందున్నవాడు ఆయన్ని చూసి, "అన్నా, దుకాణం బంద్ పెట్టుండ్రి. పొద్దుమీకి మా రేడియో మాత్రం ఇయ్యాలె, మా అవ్వ తిడుతున్నది" అన్నాడు. ఆయన తలుపు వేసుకుని లోపల కూర్చుని ఆ రేడియోనే బాగు చేశాడు.

మొదటి పెట్టె మా ఊరి గుడికి ఇవ్వాలని, ఈస్టర్ ఆరాధనలో ఆయన వాయించాలని అనుకున్నాం. ఆ ఏడే గుడికి కరెంటు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ సంఘాల పెద్దలూ వస్తారు, వాళ్ళు విని మెచ్చుకుంటే పనికి లోటుండదు. మా గుడిలో ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువు ఎవరు ఇచ్చినా దాని మీద పేరు రాయిస్తారు. గోడ గడియారం మీద, బెంచీల వీపుల మీద, కొత్తగా వచ్చిన ఫ్యాను రెక్కల మీద కూడా. ఫ్యాను తిరిగేటప్పుడు ఎవరి పేరో చదవడం ఊరి పిల్లలకు ఆట. పెట్టె మీద ఇద్దరి పేర్లూ రాయించమని అయ్యగారు, అంటే మా పాస్టరు, నాతో చెప్పారు.

ఈస్టర్‌కు ముందు పెట్టెను మొయినాబాద్ తీసుకుపోయాను. పెయింటరు ఏం రాయాలని అడిగితే నా ఒక్కడి పేరే చెప్పాను. ముందుగా అనుకుని వెళ్ళలేదు, నోటికి అదే వచ్చింది. మా బాపు పేరు ఆ గుడిలో ఏ వస్తువు మీదా లేదు. ఇంటిపేరన్నా ఒక చోట కనపడాలనుకున్నాను. అంతేకాదు, ఆయన వచ్చి వాయిస్తే, మాట్లాడితే, పెట్టె మొత్తం ఆయనదే అనుకుంటారని కూడా అనుకున్నాను. రంగు ఆరేదాకా అక్కడే నిలబడ్డాను. ఆరాక భయం పట్టుకుంది. ఆ పెట్టెను ఇప్పుడు ఆయన చూడకూడదు.

సాయంత్రం చేవెళ్ళ పోయి, ఊళ్ళో పోరగాళ్ళు కోపంగా ఉన్నారని, ఆంధ్ర మనిషి గుడిలో వాయిస్తే ఊరుకునేది లేదంటున్నారని, ఈస్టర్‌కు రావద్దని చెప్పాను. అలా అన్నవాడు ఒక్కడూ లేడు.

ఆయన, "అయ్యగారు కూడా అన్నారా?" అని అడిగాడు. అన్నారని చెప్పాను.

"సరే, నువ్వే వాయించు. కంగారుపడకు. పాట మొదలుపెట్టే అవ్వ గొంతు చూసుకో, అంతే."

ఈస్టర్ రోజు గుడి నిండిపోయింది. పైన రేకులు, లోపల ఏప్రిల్ ఎండ. మీ దోస్తును ఎందుకు తోలుకరాలేదని అయ్యగారు అడిగితే జ్వరమని చెప్పాను. మొదటి కీర్తన బాగా సాగింది. తిత్తి ఊదకుండా పాడుతున్న పెట్టెను జనం మెడలు చాచి చూశారు. రెండో కీర్తనలో ఏదో తేడా వచ్చింది. అదేమిటో అప్పుడు నాకు తెలియలేదు. పెట్టెలో వేడికి ట్రాన్సిస్టర్ల శ్రుతి పైకి జరుగుతోంది. సర్క్యూట్ ఒకటే కాబట్టి అన్ని మెట్లూ కలిసే లేస్తున్నాయి, ఒకదానికొకటి తేడా లేదు. మా వాళ్ళకు పుట్టినప్పటి నుంచి హార్మోనియం తెలుసు, దాని శ్రుతి మారదు. అందుకని ఎవరికీ పెట్టె మీద అనుమానం రాలేదు. గొంతు సరిగ్గా లేవడం లేదని ఎవరికి వాళ్ళు అనుకుని ఇంకా గట్టిగా ఎత్తుకున్నారు. చరణం చరణానికీ గుడి మొత్తం పైకి పోయింది. మగవాళ్ళు కింది స్థాయికి దిగిపోయారు. ఆడవాళ్ళు కీచుమంటున్నారు. అయ్యగారు కళ్ళు మూసుకుని, ఇది ఆత్మ పూర్ణత అనుకున్నారేమో, చేతులు పైకెత్తారు.

మూడో కీర్తన మధ్యలో పాట మొదలుపెట్టే ముసలవ్వ ఆపేసింది. మెడనరాలు పట్టుకుని నా వైపు తిరిగింది.

"బిడ్డా, నీ పెట్టె మమ్ముల అటుక మీదికి ఎక్కిస్తున్నది. జర కిందికి దింపు."

గుడంతా నవ్వింది. ఎక్కడ దింపాలో నాకు తెలియదు. శ్రుతి తిప్పే చెయ్యి నాది కాదు. పాత హార్మోనియం తెప్పించి ఆరాధన ముగించారు. బయటి ఊళ్ళ పెద్దలు భోజనాల దగ్గర నా భుజం తట్టి, మంచి ప్రయత్నం అన్నారు.

చేవెళ్ళలో ఆయన దుకాణం తలుపు తీసుకుని నా కోసం కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. గుడికి వేసుకుందామని కుట్టించుకున్నది. ఎంతమంది వచ్చారని గానీ, ఏమన్నారని గానీ అడగలేదు.

"శ్రుతి నిలిచిందా?"

నిలవలేదని చెబితే, పెట్టె పట్టుకురా చూద్దాం అంటాడు. చూస్తే పేరు కనపడుతుంది. "నిలిచిందన్నా" అన్నాను.

ఆ మాటతో ఆయన మొహం వెలిగింది. అది చూసి కూడా నేను దిద్దుకోలేదు. పోరగాళ్ళ కోపం ఇంకా చల్లారలేదని పైనుంచి మరో మాట కలిపాను. ఇంటికి పోయి భార్యతో ఏం మాట్లాడుకున్నాడో, కొద్ది రోజులకే సామాను సర్దుకున్నాడు. ఈ వైపు గుళ్ళు తనను రానివ్వనప్పుడు ఇక్కడ ఉండి లాభం లేదన్నాడు. పెట్టె పనిచేస్తుందని తేలింది కదా, మా ఊళ్ళో అచ్చం ఇలాంటిదే కడతాను, నువ్విక్కడ కట్టు, ఇద్దరం చెరో వైపు అన్నాడు. బస్సు ఎక్కేటప్పుడు కూడా, నోరు విప్పొద్దన్న నా మాటను గుర్తు పెట్టుకుని, చెయ్యి మాత్రం ఊపాడు.

ఆ ఎండాకాలం గడిచేలోగా తప్పు ఎక్కడుందో నాకు దొరికింది. దిద్దిన పెట్టె విని గుళ్ళు వరసగా పెట్టెలు అడిగాయి. తరవాత శ్రుతి పెట్టెలు, ఆ తరవాత జపాన్ చిప్పులతో సింథసైజర్లు, బాలానగర్‌లో షెడ్డు. ఇవన్నీ పుస్తకంలో సరిగ్గానే ఉన్నాయి.

రజతోత్సవం అయిన తరవాత తెనాలి పోయాను. ఆయన మిక్సీలూ ఫ్యాన్లూ బాగు చేస్తున్నాడు. ఇంట్లో హార్మోనియం కనపడలేదు. జరిగినదంతా చెప్పాను. పేరు సంగతి, పోరగాళ్ళ సంగతి, అవ్వ అన్న మాట. అవ్వ మాటకు నవ్వాడు. తరవాత నవ్వు పోయింది.

"రావద్దన్నావు, రాలేదు. పేరు తీసేశావు, పోనీ. శ్రుతి నిలిచిందన్నావు చూడు, అదెందుకన్నావు తమ్ముడూ?"

ఊరికి వచ్చి కట్టిన పెట్టెను ఆయన తమ చర్చికి ఇచ్చాడట. వేసవి కూటాల్లో అందరి ముందూ అదీ అలాగే పైకి పోయింది. అక్కడ నిలిచినది ఇక్కడ ఎందుకు నిలవలేదని ప్రతి టంకం ఊడదీసి మళ్ళీ వేశాడు. తప్పు పెట్టెలో ఉంటుందని అనుకోలేదు, మొదటిది నిలిచింది కదా. చివరికి తన చెవే పోయిందనుకున్నాడు. శ్రుతి తెలియని చెవితో హార్మోనియం ముట్టుకోకూడదని ఆ పనే మానేశాడు.

నువ్వెట్లా నిలబెట్టావని అడిగాడు. ట్రాన్స్‌ఫార్మరును పెట్టె బయట పెట్టానని, వేడికి తట్టుకునే సిలికాన్ ట్రాన్సిస్టర్లు వేశానని చెప్పాను.

"అంతేనా?"

"అంతే అన్నా."

ఆయన చేతిలో మిక్సీ మోటారు ఉంది. దాన్ని పక్కన పెట్టేశాడు. పుస్తకం మళ్ళీ అచ్చు వేయిస్తానని, అందులో ఆయన పేరు ముందు పెట్టిస్తానని అన్నాను.

"పేరు వద్దు. ఆ రోజు శ్రుతి నిలవలేదని రాయి. అది చాలు."

అందుకే ఈ రాతలో ఎవరి పేర్లూ లేవు. మేం ఇద్దరం కలిసి చేవెళ్ళలో కట్టిన మొదటి పెట్టె ఈస్టర్ ఆరాధనలో రెండో కీర్తనకే శ్రుతి తప్పింది. ఆయన చెవిలో ఏ లోపమూ లేదు.