కొట్టేసిన సున్నా

నోరు లేని మనిషి పేరు మీద అబద్ధం అచ్చు వేశారు. ముందు ఆ మాట చెప్పి తరువాత ఏడుస్తాను.

మేడమ్ పోయారు. సోమవారం మధ్యాహ్నం, విశాఖలో ఆసుపత్రిలో. కబురు వచ్చేసరికి నేను జీడి బట్టీలో పిక్కలు కొడుతున్నాను. ఫోన్ చేసింది ఆవిడ తమ్ముడు. "అక్క పోయిందమ్మా" అన్నారు. ఆ వెంటనే, "నీ దగ్గర ఏవో కాగితాలున్నాయట కదా, జాగ్రత్తగా ఉంచమంది" అన్నారు. చావు కబురులో కాగితాల మాట ఎందుకొచ్చిందని నేను ఆశ్చర్యపోలేదు. ఆ కట్ట మా ఇంటికి చేరిన రోజు నుంచీ ఈ మాట వస్తుందని భయపడుతూనే ఉన్నాను.

మర్నాడు యూనివర్సిటీలో ఆవిడ పనిచేసిన ఎకనామిక్స్ విభాగం నుంచి ఇంకో ఫోన్. పదకొండో రోజున సంతాప సభ పెడుతున్నారట. మా బీల మీద చేసిన పరిశోధన నివేదికను ఆ సభలో "ఆమె ఆఖరి కృషి" అని చెప్పి విడుదల చేస్తారట. ఆవిడతో ఊళ్ళో తిరిగినదాన్ని కాబట్టి సభలో పంచే సంచికకు నాలుగు మంచి మాటలు రాసివ్వమన్నారు. నివేదిక కూడా ఫోన్‌కి పంపారు. అట్ట మీద ఆవిడ పేరు. లోపల నా సున్నాలు.

ఇవే ఆ నాలుగు మాటలు. సంచికలో వేస్తారో వెయ్యరో నమ్మకం లేదు కనుక మీ అందరికీ కనబడే చోటికి కూడా పంపుతున్నాను.

బీల అంటే తెలియని వాళ్ళకు చెబుతాను. ఊరికీ సముద్రానికీ మధ్య, ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళు నిలిచి ఉండే పల్లపు నేల. దాని తుంగతో చాపలు అల్లుతాం. దాని నీళ్ళతో వరి పండిస్తాం. సముద్రం మీదికి వెళ్ళలేని రోజుల్లో చేపల వాళ్ళు వలలు ఇక్కడే వేస్తారు. ఇప్పుడు దాన్ని కప్పి కంపెనీ కడతారట. కంపెనీకి బ్యాంకు అప్పు కావాలి. బీల పోతే ఎంత నష్టమో లెక్క కట్టి చూపిస్తే తప్ప అప్పు ఇవ్వనంది బ్యాంకు. ఆ లెక్క యూనివర్సిటీ చేతికి వచ్చింది, అక్కడి నుంచి మేడమ్ చేతికి వచ్చింది. అప్పటికే చాలా ఏళ్ళుగా ఆవిడ మా బీలకు వస్తూ పోతూ ఉన్నారు.

ఆవిడ పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. "అప్పు అడిగేవాడి ఇల్లు చూస్తారు, పొలం చూస్తారు, వాడు కప్పెట్టబోయే నీళ్ళని ఎందుకు చూడరు?" క్లాసులో దీన్నే పెద్ద మాటల్లో చెప్పేవారేమో నాకు తెలియదు. మా అరుగు మీద ఇలాగే చెప్పేవారు.

మొదటిసారి వచ్చినప్పుడు కోటబొమ్మాళి స్టేషన్లో దిగి, ఆటో మాట్లాడుకుని వచ్చారు. వాన లేదు, పెద్ద ఎండ కూడా లేదు, చేతిలో మాత్రం నల్ల గొడుగు. తూము దగ్గర చెప్పులు విడిచి, కుచ్చెళ్ళు ఎత్తి దోపి, నీళ్ళలో దిగి ఆ గొడుగును నిలువునా గుచ్చారు. పైకి తీసి, తడి ఎంత వరకు వచ్చిందో అక్కడ ఎర్ర దారం కట్టారు. గట్టు మీద గేదెలు కాస్తున్న తాత ఊరుకుంటాడా?

"ఏటమ్మా, గొడుక్కి మొలతాడు కడతన్నావా?"

"అవును తాతా, దిష్టి తగలకుండా."

తరువాత ప్రతి ఏడూ అదే నెలలో వచ్చేవారు. అదే తూము, అదే గొడుగు, కొత్త దారం. ఏ ఏడూ కొత్త దారం పాతదానికి పైన పడలేదు.

నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. బట్టీలో పని లేని రోజుల్లో ఆవిడ వెంట ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపే పని ఇచ్చారు. నా చదువు అక్కడ మొదలైంది. జిరాక్సు కాగితాలు తెచ్చి ఇచ్చి, "అర్థం కాని మాట కింద గీత గియ్యి. సిగ్గుపడకు, నేనూ గీస్తాను" అనేవారు. నిజమే, ఆవిడ పుస్తకాలు తెరిస్తే అన్నీ గీతలే. బస్సు టిక్కెట్లు మడిచి పేజీకి గుర్తుగా పెట్టేవారు. ఒకసారి డిస్కౌంట్ రేటు అనే మాట కింద నేను మూడు గీతలు గీసి చూపించాను. నవ్వి ఇలా చెప్పారు: "ఇరవై ఏళ్ళ తరువాత నీ మనవరాలు తాగబోయే బిందెడు నీళ్ళు ఈ లెక్కలో ఇవాళ గరిటెడు."

"మిగతా నీళ్ళు ఎవరు తాగీసినారు మేడమ్?"

"వడ్డీ."

ఆ రాత్రి ఆ మాట అమ్మమ్మకు చెప్పాను. "ఎంత దాహమే దానికి!" అంది.

జీడి సొనకు నా వేళ్ళ గీతలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ మీద వేలు పెడితే నన్ను లేదంటుంది. ఓసారి మేడమ్ నాతో పాటు రేషన్ డిపోకి వచ్చి, ఆ మిషన్ నాలుగుసార్లు కాదనడం చూశారు. "గుర్తుపట్టనిది అది. లేనిదానివి నువ్వు కాదు. ఈ రెండూ ఎప్పుడూ కలపకు" అన్నారు. అప్పుడు నాకు అది ఓదార్పులా వినిపించింది.

ఇక నా తప్పు.

ఫారంలో చివరి ప్రశ్న ఇది: ఈ బీలను వదులుకోవడానికి ఎంత ఇస్తే మీకు సమ్మతం? కింద అంకెలు వెయ్యడానికి గళ్ళు. నేను ప్రతి గుమ్మంలోనూ ఆ ప్రశ్న చదివాను. మా అమ్మమ్మతో సహా అందరూ ఒకే మాట చెప్పారు. "ఏటీ వొద్దు." ఏటీ వద్దంటే ఏమీ వద్దని కదా. ఏమీ వద్దంటే సున్నా కదా. చదువుకున్నదాన్ని కదా నేను! ఇంటికో సున్నా చొప్పున, గళ్ళ మధ్యలో పడేలా, గుండ్రంగా, ముచ్చటగా వేశాను.

ఆ ఫారాలు యూనివర్సిటీకి వెళ్ళి కంప్యూటర్లో ఎక్కాయి. వారం తిరగకుండా మేడమ్ కట్ట పట్టుకుని మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. ఆవిడ మామూలుగా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతారు. పుట్టింది గజపతినగరం పక్క. కోపం వస్తే నాలుక పుట్టింటికి వెళ్ళిపోతుంది.

"ఏటే ఇది?"

"ఆళ్ళు సెప్పిందే రాసినాను మేడమ్."

ఆవిడ నన్ను వదిలేసి అమ్మమ్మ వైపు తిరిగారు. "అమ్మా, బీలకి సున్నా అన్నావట?"

అమ్మమ్మ తుంగ చీలుస్తోంది. తల ఎత్తలేదు. "మేడమ్మా, నీ గొడుగు నాకిచ్చీ. ఎంతకిస్తావు?"

"ఇది ఇవ్వనమ్మా."

"పోనీ రెండింతలిస్తాను."

"నాకేమీ వద్దు. గొడుగు ఇవ్వను."

అమ్మమ్మ అప్పుడు నా వైపు చూసింది. "ఇన్నావా పిల్లా? ఏటీ వద్దంతంది. సున్నా రాసుకో. గొడుగు ఒట్టినే వచ్చినాది మనకి!"

వీధి అంతా నవ్వింది. మేడమ్ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. నేనూ నవ్వాను, ఆ తరువాత నాకు ఒళ్ళంతా మండింది. మా ఊళ్ళో పుట్టి, మా మాటే మాట్లాడుతూ, మా మాట నాకే అర్థం కాలేదు. అమ్మరాని దానికి ఎవరైనా బేరం పెడితే మా వాళ్ళు "ఏటీ వొద్దు" అంటారు. ఇక నోరు మూసుకుని వెళ్ళమని దాని అర్థం. నాకు పుట్టుకతో తెలుసు. చేతిలో ఫారం ఉంటే మరిచిపోయాను.

మేడమ్ ఒక్క మాట తిట్టలేదు. నాతో పాటు మళ్ళీ గుమ్మం గుమ్మానికీ తిరిగారు. ప్రతి ఫారం మీదా నా సున్నాను ఆకుపచ్చ పెన్నుతో నేనే అడ్డంగా కొట్టి, పక్కన "ఇవ్వం" అని రాసి, ఆ ఇంటి మనిషి చేత వేలిముద్రో సంతకమో పెట్టించాను. నేను సిగ్గుతో సున్నాను కనబడకుండా పూసెయ్యబోతే చెయ్యి పట్టుకున్నారు. "కొట్టేసిన సున్నా కనబడాలి. మనం ఎక్కడ తప్పామో చూసేవాళ్ళకి తెలియాలి."

ఆ కట్టతో ఇద్దరం విభాగానికి వెళ్ళాం. నేను విభాగాధిపతి గది బయట స్టూలు మీద కూర్చున్నాను. తలుపు సగం తెరిచే ఉంది.

"మేడమ్, సాఫ్ట్‌వేర్లో అంకెకే గడి ఉంది. 'ఇవ్వం' అనడానికి గడి లేదు."

"లేకపోతే గియ్యండి. గడి లేదని మనుషుల్ని చెరిపేస్తారా?"

"బ్యాంకుకి అంకె కావాలి."

"ఇక్కడ అంకె పుట్టలేదని చెప్పండి. అదీ ఫలితమే. ఈ సున్నాలతో అయితే నేను సంతకం పెట్టను."

"బయట కూర్చున్న ఆ బట్టీ అమ్మాయి చెప్పిందనా?"

"ఆవిడ మా కొలీగ్."

బయటికి వచ్చి నా భుజం తట్టారు. "పదవే. ఈళ్ళకి నోటితో సెప్తే ఎక్కదు." నా పుట్టుకలో ఎవరూ నన్ను ఆవిడ అనలేదు. ఆ సంతోషంలో, ఆ గది తలుపు మా వెనక మూసుకున్న చప్పుడును నేను పట్టించుకోలేదు. ఇప్పుడు అదే వినబడుతోంది.

ఆ తరువాత ఒకటొకటే మారుతూ వచ్చాయి. తూము పక్కన ఎర్ర రంగు పూసిన రాళ్ళు పాతారు. ఎవరు పాతారో ఊళ్ళో ఎవరూ చూడలేదు. గ్రావెల్ లారీలు వచ్చి, ఎక్కడా ఒక్క బుట్ట కూడా దించకుండా, బీల చుట్టూ తిరిగి వెళ్ళిపోయేవి. బట్టీ మేస్త్రీ పని మధ్యలో నా పక్కన కూర్చున్నాడు. "ఒసే, ఆ కాగితాల గొడవ వొదిలీసీ. నీకెందుకే? పిక్కలు కొట్టుకుని బతికీదానివి." బెదిరించలేదు. బతిమాలాడు. నాకు దాంతోనే ఎక్కువ భయం వేసింది. ఈ ఏడు బీలలో పక్షులు దిగలేదు.

ఈ ఏడు మేడమ్ చివరిసారి వచ్చారు. సగం మనిషి అయిపోయారు. ఆటో దిగి తూము దాకా నడవడానికి రెండుసార్లు కూర్చున్నారు. నీళ్ళలోకి దిగనవసరం లేకపోయింది. గట్టు మీద నుంచే గొడుగు గుచ్చి తీశారు. కొస ఇనుము మాత్రం తడిసింది. సంచిలో నుంచి దారం తీసి, చూసి, మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నారు.

"ఇక కట్టడానికి జాగా లేదే."

ఆ రోజు గొడుగూ ఫారాల కట్టా రెండూ మా ఇంట్లో పెట్టారు. డిపార్ట్‌మెంటులో ఉండాలి కదా మేడమ్ అన్నాను. "అక్కడ నా బీరువాకి తాళంచెవులు రెండున్నాయి. ఒకటే నా దగ్గరుంది" అన్నారు. అమ్మమ్మ గొడుగు చేతిలోకి తీసుకుని, "ఎంతకిస్తన్నావు మేడమ్మా?" అంది. ఆవిడ నవ్వారు. "ఏటీ వొద్దు" అన్నారు. ఈసారి ఆ మాటకు మూడో అర్థం ఉంది. మా ముగ్గురికీ తెలిసింది.

ఇప్పుడు ఈ నివేదిక. ఆవిడ సంతకం పెట్టనన్న లెక్కే ఇందులో ఉంది. "స్థానికులు ఈ నేలకు ఎటువంటి విలువనూ ఆపాదించడం లేదు" అని రాశారు. అట్ట మీద ఆవిడ పేరు పెద్ద అక్షరాల్లో వేశారు. ఆసుపత్రిలో ఆవిడ మాట పడిపోయాక అచ్చుకు ఇచ్చారు. పదకొండో రోజున పూలదండ వేసి విడుదల చేస్తే, పన్నెండో రోజున అది బ్యాంకుకు వెళుతుంది. బీలకు విలువ లేదని చెప్పింది ఎవరంటే, బీల కోసం జీవితం పెట్టిన మనిషే చెప్పిందంటారు. దానికి ఎదురు ఎవరు చెబుతారు?

నేను చెబుతాను. ఆ సున్నాలు నావి. వేసిన చెయ్యి ఇది, కొట్టేసిన చెయ్యి కూడా ఇదే. జీడి మరక లాంటిది నా తప్పు, ఎంత తోమినా పోదు, పోవాలని కూడా నేను అడగను. దాన్ని ఆవిడ నుదుటికి రాయొద్దు.

నిన్న మూడో రోజు. మా బంధువు కాకపోయినా అమ్మమ్మ అన్నం వండి, తూము గట్టు మీద ఆకు వేసి, ఆవిడ పేరు చెప్పి ముద్ద పెట్టింది. కాకి కోసం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. రాలేదు. నాకు ఇలాంటివి నమ్మకం లేదు. బీలలో ఏ పిట్టా దిగడం లేదు, కాకి మాత్రం ఎందుకు వస్తుంది? అమ్మమ్మ మాత్రం, "మేడమ్మకి ఏదో మిగిలిపోనాది. అది తీరితే గానీ ముట్టదు" అంది. ఇవాళ పొద్దున వెళ్ళి చూశాను. ముద్ద ఎండి, పగిలి, ఆకులో అలాగే ఉంది. దాని పక్కన ఎర్ర రాయి. కింద బురద నెర్రెలిచ్చి ఉంది.

విభాగం వాళ్ళకు నా మాట. నివేదికలో ప్రతి సున్నా కొట్టేసి, అది కనబడేలా ఉంచి, పక్కన "ఇవ్వం" అని అచ్చు వెయ్యండి. అది చేతకాకపోతే అట్ట మీద నుంచి ఆవిడ పేరు తీసెయ్యండి. రెంటిలో ఏది చేస్తారో కాగితం మీద, సంతకంతో చెప్పండి. ఫోన్లో వద్దు. చెప్పకపోతే సభకు మేం వస్తాం. ఫారాల కట్ట, దారాల గొడుగు, వేలిముద్రలు వేసిన ప్రతి గుమ్మం మనిషీ వస్తారు. పూలదండ కంటే ముందు అవి బల్ల మీద ఉంటాయి.

ఇవాళ నాలుగో రోజు. పదో రోజు పొద్దుగూకేలోగా జవాబు మా గుమ్మంలో ఉండాలి.