రాని బడ్జెట్‌కు మా బాపు సంతోషించిన వైనం

ఇంకా ప్రవేశపెట్టని రాష్ట్ర బడ్జెట్‌ను చూసి ఆనందం పట్టలేకపోయిన పాలవ్యాపారి ఒకాయన మొఘల్‌పురాలో ఉన్నాడు. ఆయన మా బాపు, నా కన్నతండ్రి మల్లేశం. తాను అంత ఆనందించినట్టు మర్నాడు పేపర్లో చూస్తేగానీ ఆయనకే తెలియలేదు. ఆ ఘనకార్యం నాది. ఆ తరవాత రెండు వారాల పాటు మా ఇంట్లో నాతో మామూలుగా ఉన్నవి బర్రెలు మాత్రమే.

అప్పట్లో నేనొక దినపత్రికకు పాతబస్తీ విలేకరిని. జీతం లేదు, మెడలో కార్డు ఉంది. బడ్జెట్ వచ్చిందంటే సిటీ పేజీకి స్పందనలు పంపాలి. అధికార పార్టీ నాయకుడొకరు, ప్రతిపక్ష నాయకుడొకరు, చివర్లో సామాన్యుడొకడు, ముగ్గురికీ ఫొటోలు. నాలుగేళ్లు ఇదే పని చేశాక నాకు విసుగు పుట్టింది. ఎందుకు పుట్టదు చెప్పండి? ప్రభుత్వంలో ఉన్నవాళ్లు చారిత్రాత్మకం అంటారు, లేనివాళ్లు అంకెల గారడీ అంటారు. ఎన్నికల్లో అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ అయితే మాటలు కూడా చేతులు మారతాయి, అంతే. అందుకని ఆ ఏడాది తెలివిగా ముందురోజు మధ్యాహ్నమే ఫోన్లు చేసి పని ముగించుకుందామనుకున్నాను.

మొదట అధికార పార్టీ నర్సింగన్నకు చేశాను.

"అన్నా, రేపు బడ్జెట్. ఏమంటవు?"

"పోయినేడు ఏమన్న?"

"చారిత్రాత్మకం అన్నవు."

"గదే రాయి. కొత్త పన్ను ఒక్కటి గూడ ఏయలేదు, పేదోళ్లకు మస్తు ఖర్చు పెడ్తున్నరు అని కలుపు."

"ఒకవేళ పన్ను ఏస్తే?"

"అభివృద్ధి కోసం ఏసిన్రని రాయి. గిదేం ఫికర్ తమ్మీ నీకు."

తరవాత ప్రతిపక్షం యాదగిరన్నకు చేశాను.

"అన్నా, రేపటి బడ్జెట్..."

"మోసం."

"ఇంక రాలేదన్నా."

"వచ్చినంక మోసమే గద. పన్నులు జనం మీద, ఖర్చు వాళ్ల మనుషుల మీద. రాసుకున్నవా? ఫొటో మాత్రం పోయినేటిది పెట్టకు, దాంట్ల నేను ముసలోని లెక్క ఉన్న."

ఇక మిగిలింది సామాన్యుడు. ఏటా ఉస్మాన్‌గంజ్ దాకా పోయి ఒక వ్యాపారిని పట్టుకునేవాణ్ని. ఆ రోజు ఎండ మండిపోతోంది. బీరువాలో బాపు పాస్‌పోర్టు ఫొటో కనిపించింది. బాపు కంటే సామాన్యుడు నాకెక్కడ దొరుకుతాడు?

బాపు బాధ ఏమిటో నాకు తెలుసు. మా వైపు పశువుల దవాఖానకు చాలాకాలంగా డాక్టరు లేడు. కిందటి వానాకాలం ఈత కష్టమై మా బర్రె ఒకటి చనిపోయింది. ఆ రోజు బాపు అన్నం ముట్టలేదు. ఇప్పుడు ఇంకొకటి చూడితో ఉంది. బాపు అర్జీ పట్టుకుని ఆ ఇద్దరు నాయకుల ఇళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. ఈసారి బడ్జెట్‌లో డాక్టరు తప్పకుండా వస్తాడని నర్సింగన్న మాటిచ్చాడు. నాయకుడి మాట నమ్మిన విలేకరిని మీరెక్కడైనా చూశారా? నేనున్నాను. "పశువుల దవాఖానకు డాక్టరును ఇచ్చినందుకు పాలవాళ్లకు కొండంత ధైర్యం వచ్చింది, చాలా సంతోషం" అని బాపు పేరుతో రాసి, ఫొటో జతచేసి, బడ్జెట్ రోజు పేజీకని పంపేశాను.

మర్నాడు నేను సంతోష్‌నగర్‌లో స్నేహితుడి పెళ్లి భోజనంలో ఉన్నాను. అదే సమయానికి శాసనసభలో పన్నుల మీద లొల్లి మొదలైంది. మీరు అప్పులు చేశారని వీళ్లు, మీరు దుబారా చేశారని వాళ్లు. కాగితాలు చిరిగాయి. బడ్జెట్ ప్రసంగం మొదలుకాకుండానే సభ మరుసటి రోజుకు వాయిదా పడింది. నాకు ఆ కబురు తెలియదు. నేను రెండోసారి పెరుగు వేయించుకుంటున్నాను.

తెల్లారి పేపరు వచ్చాక పొద్దున్నే డెస్క్ ఇన్‌చార్జి రమణ సార్ ఫోన్ చేశారు.

"రాని బడ్జెట్‌కు స్పందన ఎట్ల తెచ్చినవయ్యా?"

"మీరెట్ల ఏసిన్రు సార్?"

"పేజీల జాగా ఖాళీ ఉండె, ఏసిన. ఇగ గమ్మునుండు."

నాయకులిద్దరూ కూడా ఫోన్ చేశారు. యాదగిరి ఫొటో తన ఫొటో కంటే పెద్దగా వచ్చిందని నర్సింగన్న అలిగాడు. నర్సింగ్ మాట పైనా తన మాట కిందా ఎందుకు వేశావని యాదగిరన్న నిలదీశాడు. బడ్జెట్ రాలేదన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

బాపు పాలు పోసి ఇంటికొచ్చాడు. చేతిలో పేపరు ఉంది.

"సత్తీ, నేను సంతోషపడ్డనంట. ఎప్పుడు పడ్డనురా?"

రాసింది నేనేనని ఒప్పుకున్నాను. ఆ రోజు బడ్జెట్ వచ్చింది. అందులో డాక్టరు లేడు. సాయంత్రం బాపు అర్జీతో పాటు నన్ను కూడా వెంటబెట్టుకుని నర్సింగన్న దగ్గరికి పోయాడు. నర్సింగన్న పేపరు తీసి టేబుల్ మీద పరిచాడు.

"మల్లేశన్నా, డాక్టర్ వచ్చిండని నువ్వే చెప్తివి గద."

"గది మా పోరడు రాసిండు."

"ఫొటో నీదే గద. మంచిగ వచ్చింది. మా పెద్దసారుకు గూడ పంపిన."

అక్కడినుంచి యాదగిరన్న దగ్గరికి పోయాం. ఆయన కుర్చీ కూడా చూపించలేదు.

"వాళ్ల బడ్జెట్ చూసి సంతోషపడ్డోనివి, నా దగ్గర ఏం పని మల్లేశన్నా? పోయి వాళ్లనే అడుగు."

ఆ సమావేశాలు ముగిసేదాకా ఆ రెండు పార్టీలు పన్నుల మీద కలవలేదు, ఖర్చు మీద కలవలేదు, చివరికి టీ విరామం ఎప్పుడన్న దాని మీద కూడా కలవలేదు. పాలమల్లేశం సంతోషంగా ఉన్నాడన్న ఒక్క విషయంలో మాత్రం వాళ్లకు పూర్తి ఏకాభిప్రాయం కుదిరింది.

ఇంటికొచ్చాక బాపు గుమ్మంలో చెప్పులు విడుస్తూ అన్నాడు, "డాక్టర్ను ఇచ్చింది నువ్వు. చూడిబర్రెను నువ్వే చూస్కో."

రెండు వారాలు కొట్టంలోనే గడిపాను. ఒక తెల్లవారుజామున బర్రెకు నొప్పులొచ్చాయి. దవాఖాన కంపౌండరు ఫోన్‌లో చెబుతుంటే నేను చేశాను. దూడ కాళ్లు పట్టి లాగడం నా ఒక్కడివల్ల కాకపోతే బాపు వచ్చి పక్కన కూర్చుని తనూ పట్టాడు. తల్లీ బతికింది, దూడా బతికింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఒంటినిండా పేడతో, ఒడిలో దూడతో, పాఠక మహాశయుల సాక్షిగా ఆ పొద్దున నేను ప్రమాణం చేశాను: ఇక నా ఊపిరి ఉన్నంతవరకు ఎవరినీ వాళ్లకు చెప్పకుండా సంతోషపెట్టను.