మిల్లు వీధి గేటు దగ్గర మేబ్రీ

నదులు ఊళ్ళను రెండుగా చీల్చడం చాలాచోట్ల చూశాను. నది నయం. వంతెన వేసుకోవచ్చు, పడవైనా కట్టుకోవచ్చు. మా హార్లో బెండ్‌ను చీల్చేది గూడ్సు బండి. ఎప్పుడొచ్చి అడ్డం పడుకుంటుందో, ఎప్పుడు లేస్తుందో దానికే తెలియదు. దేశాలు తిరిగి తిరిగి అలబామాలో ఈ మూలకు చేరిన నాకు ఇక్కడ మొదట దగ్గరైన మనిషి థాడియస్ మేబ్రీ. ఆ బండికి గార్డు.

ముందు లైను ఖాళీ లేక బండి ఊళ్ళో ఆగితే మిల్లు వీధి గేటు మూసుకుపోతుంది. అలా ఎక్కువసేపు మూసి ఉంచకుండా చూడవలసింది బండి సిబ్బందే. ఇక్కడ గార్డు కూర్చునేది ఇంజనులోనే; అతను దిగి, కంకర మీద వెనక్కి నడిచి, చేతిబ్రేకులు బిగించి, గేటు దగ్గర పెట్టెలను కలిపే కప్లింగు ఊడదీయాలి. డ్రైవరు ముందు సగాన్ని లాగితే దారి తెరుచుకుంటుంది. తర్వాత మళ్ళీ కలపాలి, బ్రేకులు సరిచూడాలి. చాలామంది గార్డులు లైను ఇచ్చే కంట్రోలు ఆఫీసు మీద నెపం పెట్టి కూర్చునేవారు. మేబ్రీ ఎండైనా వానైనా దిగేవాడు. దారి తెరిచాక, టోపీ తీసి మొదటి కారును పెళ్ళివారిని ఆహ్వానించినట్టు పిలిచేవాడు.

"నీ బండి తల అట్లాంటాలో, తోక మిసిసిప్పీలో ఉన్నట్టుంది మామా" అని ఆడపిల్లలు ఎగతాళి చేసేవారు.

"తల, తోక నాకెందుకు తల్లీ. నడుం దాకా నడిచేసరికే బూట్లు అరిగిపోతున్నాయి."

దాంతో ఊరికి ఒక అలవాటు పడింది. బండి ఆగగానే ఎవరి డ్యూటీ అని అడిగేవారు. వేరేవాళ్ళదైతే కారు తిప్పి, అరగంట చుట్టుదారిన ఏటి వంతెన మీదుగా పోయేవారు. మేబ్రీదైతే కారు ఇంజను ఆపేసి, ఉడకబెట్టిన వేరుశెనగకాయలు ఒలుచుకుంటూ కూర్చునేవారు.

ఒక ఆగస్టు మధ్యాహ్నం మేబ్రీ భార్య లువీనియాకు ఉబ్బసం ముదిరింది. ఆస్పత్రి, అంబులెన్సు రెండూ పట్టాలకు అవతల. పక్కింటి ఓఫీలియా తన నీలం ట్రక్కులో ఎక్కించుకుని గేటు దగ్గరికి వచ్చింది. ఎదురుగా పెట్టెల గోడ.

"వంతెన మీదుగా పోదాం అక్కా."

లువీనియా ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దే. ఈ పూట బండి ఆయనదే. దిగే ఉంటాడు."

ఆయన పద్ధతి ఆమె కంటే ఎవరికి తెలుసు? ఓఫీలియా మేబ్రీకి ఫోను చేసి చూసింది. డ్యూటీలో ఫోన్లు ఆపి సంచిలో పెట్టాలన్నది వాళ్ళ నియమం.

అక్కడ ఇంజనులో, రేడియోలో కంట్రోలు చెబుతోంది: "ఎదురుబండి వచ్చేస్తోంది. విడదీయకు. ఇప్పుడే లైను ఇస్తున్నా."

మేబ్రీ లేచాడు. డ్రైవరు కర్టిస్ పాతికేళ్ళ స్నేహితుడు. నవ్వాడు. "కూర్చో అన్నా. నువ్వు గేటు చేరేలోపు లైను వస్తుంది. ఇంతకీ ఆ మోకాళ్ళు నీవా, ఊరివా?"

మేబ్రీ కూడా నవ్వి, ఆ ఒక్కసారికి కూర్చున్నాడు.

'ఇప్పుడే' అన్నది సాగింది. ఇంకోసారి 'ఇప్పుడే' అన్నారు, అదీ సాగింది. చివరికి మేబ్రీ ఎవర్నీ అడగకుండా దిగి, ఆ పొడవంతా నడిచి కప్లింగు ఊడదీశాడు. పెట్టెలు మూలుగుతూ కదిలి దారి ఇచ్చాయి. టోపీ తీసి అన్నిటికంటే ముందున్న ట్రక్కును పిలిచాడు. నీలం ట్రక్కు కదల్లేదు. ఇంకోసారి పిలిచాడు. లోపల ఓఫీలియా, లువీనియా తలను ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది.

కంట్రోలును గాని, కర్టిస్‌ను గాని మేబ్రీ ఒక్క మాట అనలేదు. సమాధి దగ్గర ఓఫీలియాను మాత్రం అడిగాడు.

"చివరికి ఏమంది?"

"నువ్వొస్తున్నావంది."

ఉద్యోగం మానేశాడు. బండి ఆగిన చప్పుడు వింటే చాలు, ఇంటి వరండాలో మడతకుర్చీ వదిలేసి గేటు దగ్గరికి వస్తాడు. ఒక్కో కారు అద్దం తడతాడు. "తిప్పు తల్లీ. వంతెన మీదుగా పో. ఎవరో వచ్చి తెరుస్తారని ఆగకు."

పోయిన ఆదివారం నేను ఓఫీలియా ట్రక్కులో ఉన్నాను. చర్చి భోజనాలకు నా ఒళ్ళో ఐస్‌క్రీం డబ్బా. బండి అప్పటికే కదిలింది, గేటు వైపు వస్తున్న ఆఖరి పెట్టె కనిపిస్తూనే ఉంది. మేబ్రీ వచ్చి అద్దం తట్టాడు.

"తిప్పమ్మా."

ఓఫీలియా ఆఖరి పెట్టె వైపు చూసింది. తర్వాత ఆయన ముఖం వైపు చూసింది.

"అలాగే అన్నా" అని ట్రక్కు తిప్పింది.

మా వెనకున్న కార్లూ ఒక్కొక్కటే తిరిగాయి. వంతెన చేరేసరికి ఐస్‌క్రీం కరిగి నా మోకాళ్ళ మీద కారుతోంది.