కార్లకు తీసిన దిష్టి

గుమ్మడి వడియాలంటే లొట్టలు వేసేవాళ్లను నేను ఎన్నడూ అర్థం చేసుకోలేకపోయాను. మిద్దె మీద ఆరబెట్టి, కాకులతో తగువులు పడి, నూనె ఖర్చుపెట్టి వేయిస్తే చివరికి దక్కేది అంగిట్లో అంటుకునే ఒక చప్పుడు. పెండ్లిళ్లలో దాన్ని అడగకుండానే మారు వడ్డిస్తారు. వద్దంటే మొహమాటం అనుకుంటారు.

బూడిదగుమ్మడికీ నాకూ విరోధం రుచి దగ్గర మొదలు కాలేదు. నంద్యాల బజారులో మొదలైంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మంత్రులను చూడబోయేవాడు బస్సు దిగితే మర్యాద దక్కదని మా వైపు పెద్దలు తొందరగానే గ్రహించారు. దాంతో కార్లు పెరిగాయి. ఆళ్లగడ్డలో మా మేనమామ కూడా ఒక నల్లకారు కొన్నాడు. దానిలో పోయి ఏ మంత్రిని చూశాడో నాకు తెలియదు. కారును మాత్రం రోజూ చూసుకునేవాడు.

ఏటా ఆయుధపూజనాడు ఈ కార్లన్నీ నంద్యాల బజారులో రెండు వరసలుగా నిలబడేవి. పూజ ఎవరి వాకిట్లో వాళ్లు చేసుకోవచ్చు. అయితే అక్కడ చూసేదెవరు? అరటిపిలకలు, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. మూతలు పైకెత్తి ఇంజన్లకు సైతం బొట్లు పెట్టేవారు. జనం తిరునాళ్లలో లాగా వరస వెంబడి నడుస్తూ చూసేవాళ్లు. బహుమతి అంటూ ఏమీ లేదు. అయినా ఎవరు గెలిచారో సాయంత్రానికి అందరికీ తెలిసేది. ఎవరి కారు ముందు ఎక్కువ గుమ్మడికాయలు పగిలితే వాళ్లదే గొప్ప కారు. గొప్ప కారుకు జనం కండ్లు ఎక్కువ తగులుతాయి, తగిలినకొద్దీ కాయలు కావాలి. నేను చదివిన కాలేజీలో ఈ తర్కశాస్త్రం చెప్పలేదు.

ఆ ఏడు మామ గెలవాలని తీర్మానించుకున్నాడు. బండెడు కాయలు కూడబెట్టాడు. కారులో వేస్తే కాయల మీది బూడిద సీట్లకు అంటుతుంది. అందుకని కారు దిష్టి ఎద్దులబండిలో పోవాల్సి వచ్చింది.

బండి పక్కింటి సేద్యగానిది. ఆయనకున్నది కొంచెం నల్లరేగడి, ఒక జత ఎద్దులు. అప్పుడే మంచి వాన పడింది. పండగ మరునాడే జొన్న విత్తాలని అందరూ గొర్లు సిద్ధం చేసుకుంటున్నారు. నేల పదును ఆరితే ఆ సంవత్సరానికి తిండి లేనట్టే. ఆయన ఆ మాటే చెప్పుకున్నాడు. పండగనాడు ఎటూ గొర్రు కట్టవు కదా, పోయి మధ్యాహ్నానికి మళ్లుకుంటే తెల్లారి విత్తుకోవచ్చు అన్నాడు మామ. మామ మాట కాదనేవాళ్లు ఆళ్లగడ్డలో ఉండే ఉంటారు. ఆయన పక్కింట్లో లేరు.

సేద్యగాడు ముందురోజే బండి కట్టాడు. మేము పండగ పొద్దున కారులో పోయాం.

మధ్యాహ్నానికి మామ గెలిచాడు. బజారుకు పరిచిన బండలు కనబడలేదు. తెల్లటి గుజ్జు, దానిలో కుంకుమ, గింజలు, వాటి మీద ఈగలు. ఎండకు పులిసిన వాసన. పగిలిన దిష్టికాయను పొద్దు గూకేదాకా ఎవరూ ముట్టరాదు, తొక్కరాదు. ముట్టినవాడికే ఆ దిష్టి తగులుతుంది. పెద్దమనుషులు పంచెలు ఎత్తిపట్టుకొని కొంగల మాదిరి అడుగులు వేశారు. అంత అసహ్యాన్ని అంత భక్తిగా చేయడం నేను ఇంకెక్కడా చూడలేదు.

సేద్యగాడు బండి కట్టి మామ దగ్గరికి వచ్చాడు. తిరుగుదారి ఆ బజారు గుండానే.

"ఇంత మన్ను సల్లించన్నా. లాడాలు కొట్టిన కాళ్లు, జారతాయి."

"దిష్టి మీద మన్నేసేది యాడన్నా ఉందాప్పా? పొద్దు గూకనీ, సూద్దాం."

రెండు గంపల ఇసుక నేనే తెప్పిస్తానన్నాను. చదువుకున్నవాణ్ణి కాబట్టి నా మాటను ఎవరూ తప్పుపట్టలేదు, పట్టించుకోనూ లేదు. పొద్దు గూకేదాకా ఆగితే ఆయన తెల్లారేసరికి పొలం చేరలేడు. బండి దిగి, ముకుదాడు పట్టుకొని, ఎద్దులను బుజ్జగిస్తూ నడిపించాడు.

గుజ్జు అన్నిటికన్నా మందంగా ఉన్నది గెలిచిన కారు ముందే. అక్కడ కుడిపక్కనున్న వలపటి ఎద్దు కాలు జారింది. కాడితో సహా పడింది. ముందుకాలు విరిగిన చప్పుడు వరస చివరిదాకా వినబడింది.

మామ పరుగెత్తాడు. కారుకు కాడి తగిలిందేమోనని వంగి చూశాడు. తగల్లేదు. మిగతా కార్ల వాళ్లూ చేరారు. కొంతసేపు మాట్లాడుకున్నాక వాళ్ల ముఖాలు తేటపడ్డాయి. బజారులోని దిష్టంతా ఎద్దు లాగేసుకుందనీ, ఈ ఏడు కార్లకు ఏ గండమూ లేదనీ తేలింది. ఎవరో ఎద్దుకు దండం కూడా పెట్టారు.

సేద్యగాడు ఆ గుజ్జులోనే కూర్చొని ఎద్దు తల ఒళ్లో పెట్టుకున్నాడు. మామ ఆయన్ను ఓదార్చడానికి వంగాడు.

"బాధపడొద్దప్పా. దిష్టి దాని మీద పోయింది. అందరికీ మేలే జరిగింది."

ఆయన తల ఎత్తలేదు.

"అట్లయితే వచ్చే యేడు గుమ్మడికాయలెందుకన్నా? ఇంగో ఎద్దుండాది. దాన్ని తోలకొస్తా, పగలగొట్టుకోండి."