కుండ మోయడానికి కొడుకు, కూటికి కాదు

అన్నం మీద చేయి పెట్టి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా మీసం ఊడిపోవాలి.

నాకు ఊహ తెలియకముందే కన్నతండ్రి పోయాడు. మాలో మారుమనువు ఉంది గనుక అమ్మ నన్నూ చెల్లెలినీ వెంటబెట్టుకుని తర్లుపాడు దగ్గర ఒక రైతు ఇల్లు చేరింది. ఆయన్ను మేము ‘నాయనా’ అనే పిలిచాం. ఆయన మేకలు కాచాను, ఆయన చేలో రాళ్ళు ఏరాను. ఆయన తల్లి చనిపోయిన రోజున తాను జ్వరమని ముసుగు పెట్టి, “వీడు నా కొడుకే గదా, వీనికే గొరగండి” అని నన్ను మంగలి ముందు కూర్చోబెట్టాడు. ఆ గుండుతో నిప్పుకుండ మోశాను.

తరువాత అమ్మకూ ఆయనకూ పొసగలేదు. పెద్దమనుషుల ముందు తెగదెంపులు చేసుకున్నారు. అమ్మ తనకంటూ ఏమీ అడగలేదు.

“పిల్లోల్లు ఎదిగిందాకా వాళ్ళ కూటికి జొన్నలియ్యి.”

“ఏంది, నేను కన్నానా వాళ్ళను?” అన్నాడాయన.

“కనలేదులే. మీయమ్మ చచ్చినప్పుడు కుండ మోసింది ఎవరు మరి, నీ మేకపోతా?”

అందరూ నవ్వారు. నవ్వి, మార్కాపురం పోయి వకీలును అడగమన్నారు.

“మారుతండ్రి మీద చట్టం లేదు తల్లీ. మనోవర్తి కన్నతండ్రే ఇయ్యాల” అన్నాడు వకీలు.

“ఆయన చచ్చిపోయినాడు గదా సామీ!”

చచ్చినవాడి మీద దావా వేసుకోమనే చట్టం! దాన్ని రాసినవాడెవడో ఒక్క పూటైనా పస్తుండి ఉండడు. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మ ఊరికి తిరిగొచ్చి పెద్దల ముందు బైఠాయించింది. “వాని జుట్టు వానికి తెచ్చియ్యండి, పోతా” అంది. వాళ్ళకు సిగ్గేసింది. ఏటేటా జొన్నలు ఇవ్వాలని తీర్పు చెప్పారు. మారుతండ్రి మొదటి బస్తా తానే నెత్తిన పెట్టుకుని, బేస్తవారిపేట దగ్గరున్న మా అమ్మమ్మ ఇంటికి బయలుదేరాడు. దారిలో ప్రతి ఊరి కుక్కలూ ఆయన వెనక ఊరేగింపు కట్టాయి.

ఇక ఒప్పుకుంటాను. వకీలు మాట దాకా నిజం. ఆ తరువాతదంతా నేను అల్లినది. పెద్దలకు సిగ్గూ వేయలేదు, గింజా రాలలేదు. మార్కాపురం నుంచి అట్నుంచి అటే అమ్మ మమ్మల్ని నడిపించుకుని అమ్మమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. ఆ బస్తా కథ పస్తున్న రాత్రుల్లో చెల్లెలి కోసం చెప్పాను. అది కడుపు పట్టుకుని అడిగేది: “నాయన ఇప్పుడు యాడిదాకా వచ్చినాడన్నా?”